గన్ షాపులో ‘డిలేడ్’ వస్తే: రోజుల లెక్క, చేయాల్సిన పనులు

అమెరికాలో లైసెన్సున్న షాపులో తుపాకీ కొనాలంటే ఫారం 4473 నింపాలి. ఆ వివరాలతో డీలర్ ఎఫ్‌బీఐ నడిపే నేపథ్య తనిఖీ వ్యవస్థ నిక్స్‌లో తనిఖీ చేయిస్తారు. కొన్ని రాష్ట్రాల్లో ఆ పని రాష్ట్ర అధికారులే చూస్తారు. జవాబు ‘ప్రొసీడ్’ అయితే తుపాకీ ఇవ్వొచ్చు, ‘డినైడ్’ అయితే ఇవ్వకూడదు. ‘డిలేడ్’ అంటే తనిఖీ ఇంకా తేలలేదని అర్థం. కంగారుపడి ఇంకో షాపుకు పరుగెత్తినా లాభం లేదు, అక్కడా మళ్లీ అదే రికార్డు అడ్డం వస్తుంది.

మీ పేరు, పుట్టిన తేదీ నేరచరిత్ర ఉన్న వేరే మనిషి వివరాలకు దగ్గరగా ఉంటే ఆలస్యమవుతుంది. పాత అరెస్టు కనబడి, ఆ కేసు ఏమైందో నమోదు కాకపోయినా అంతే. తెలుగు పేర్లతో ఇంకో చిక్కుంది: ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా, మరోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది. చట్టబద్ధమైన పేరు ఎలా ఉందో ఫారంలో అలాగే రాయండి. పేరులో ఉన్నది పొడి అక్షరమే అయితే దాని పక్కన ‘ఐఓ’ (ఇనిషియల్ ఓన్లీ) అని, మధ్య పేరు లేకపోతే ‘ఎన్‌ఎంఎన్’ (నో మిడిల్ నేమ్) అని రాయాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వడం తప్పనిసరి కాదు. అయినా ఇవ్వడమే మంచిది, మిమ్మల్ని మరొకరిగా పొరబడే అవకాశం తగ్గుతుంది. గ్రీన్‌కార్డుదారులు తమ ఏలియన్ నంబరు కూడా రాయాలి.

ఇక రోజుల లెక్క. ఫెడరల్ చట్టం ప్రకారం మూడు పనిదినాలు గడిచినా జవాబు రాకపోతే డీలర్ తుపాకీ ఇవ్వొచ్చు. తనిఖీ చేసిన రోజు, రాష్ట్ర కార్యాలయాలకు సెలవున్న రోజులు లెక్కలోకి రావు. శుక్రవారం చేయిస్తే సోమ, మంగళ, బుధ గడిచి గురువారం వీలవుతుంది. అప్పుడు కూడా ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు, జవాబు వచ్చేదాకా ఇవ్వని షాపులున్నాయి. షాపుల ఈ జాగ్రత్త సబబే: 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని చంపిన వ్యక్తి ఆ గడువు దాటడం వల్లే తుపాకీ పొందాడు. కొనేవారికి 21 ఏళ్లు నిండకపోతే, బాల్యంలోని రికార్డు పరిశీలించాల్సి వస్తే, 2022 చట్టం ప్రకారం గడువు పది పనిదినాల వరకు పెరుగుతుంది. తనిఖీ మొదలుపెట్టిన రోజు నుంచి 30 రోజుల్లో తీసుకోకపోతే మళ్లీ చేయించాలి.

రాష్ట్రాల వెయిటింగ్ పీరియడ్ దీనికి వేరు. కాలిఫోర్నియాలో వెంటనే ఆమోదం వచ్చినా పది రోజులు ఆగాల్సిందే. ఇల్లినాయిలో 72 గంటలు.

హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాలవారికి వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం నిషిద్ధం. అలాంటి స్నేహితుడి కోసం మీ పేరున కొనిస్తే ఫెడరల్ నేరం, 15 ఏళ్ల దాకా జైలు. మొహమాటానికి పోయి ఒప్పుకోకండి.

‘డినైడ్’ వస్తే డీలర్ దగ్గర లావాదేవీ నంబరు తీసుకుని ఎఫ్‌బీఐకి అప్పీలు చేయాలి. కేసు కొట్టేసి ఉంటే కోర్టు నుంచి ధ్రువీకరించిన నకలు జతచేయండి. కొన్న ప్రతిసారీ ఆలస్యమవుతుంటే మిమ్మల్ని మరొకరిగా పొరబడకుండా మీ వివరాలను ఎఫ్‌బీఐ దాచి ఉంచే వాలంటరీ అప్పీల్ ఫైల్‌కు వేలిముద్రలతో దరఖాస్తు చేయండి. ఆమోదిస్తే మీకంటూ వచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు యూపిన్‌ను తర్వాతి కొనుగోళ్లలో ఫారంపై రాయొచ్చు.