కిస్తీ లేటైతే ఊరంతా తెలియాల్నా? 3వ పాఠం: కాల్ నోట్‌బుక్ పెట్టుడు

పోయిన రెండు పాఠాలల్ల లోన్ కాగితం చదువుడు, అప్పు ఇచ్చింది బ్యాంకా, ఎన్‌బీఎఫ్‌సీనా (బ్యాంకు కాకుండ అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీ), లేకపోతే ఉత్త యాప్ పేరేనా అని కనుక్కునుడు నేర్చుకున్నం. ఈసారి ఒక్కటే పని, వసూలోళ్ళ ప్రతి ఫోన్, ప్రతి రాక రాసుకునే నోట్‌బుక్ పెట్టుడు. ఇంత చిన్న పనికి ఒక పాఠం ఎందుకు అంటరేమో, ఇది లేకనే నేను దెబ్బతిన్న, అందుకే.

నేను మిర్యాలగూడల బండి ఫైనాన్స్ మీద తీసుకున్న. ఒక యాసంగిల వడ్ల పైసలు లేటయి రెండు కిస్తీలు తప్పినయి. ఫామ్ నింపేటప్పుడు రిఫరెన్స్ అని ఉన్న కాడ దేవరకొండ దిక్కు ఉండే మా మేనమామ నంబర్ రాసిన, ఒకనాడు రాత్రి పొద్దుపోయినంక ఆయనకు ఫోన్ పోయింది, మీ అల్లుడు పైసలు ఎగ్గొట్టిండు, మీరన్న కట్టుండ్రి, లేకుంటే మీ ఇంటి ముందటికి వస్తం అని. మామ ఆ రాత్రి నిద్రపోలే, తెల్లారి మా అమ్మకు చెప్పిండు, అమ్మ ఏడ్చింది. నేను కోపంతోని కంపెనీకి కంప్లైంట్ పెట్టిన. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ నంబర్ అని అడిగిండ్రు. మామ ఫోన్ల అప్పటికే ఆ కాల్ కిందికి పోయి లేకుండ అయింది, నేనేమో "మొన్న రాత్రి" అన్న. మా స్టాఫ్ అట్ల చేయరు అని రెండు లైన్లు రాసి మూసేసిండ్రు.

అప్పు మనది, కట్టాల్సిందే, దాంట్ల రెండో మాట లేదు. కానీ ఆ సంగతి మనకూ అప్పిచ్చినోళ్ళకూ నడుమ ఉండేది, మామకు చెప్పే హక్కు వాళ్ళకు లేదు. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ (రిజర్వ్ బ్యాంకు) ఇచ్చిన సర్క్యులర్‌ల ఇది సాఫ్‌గా ఉంది: పొద్దున 8 కంటే ముందు, సాయంత్రం 7 దాటినంక వసూలు కోసం ఫోన్ చేయొద్దు, నలుగుట్ల పరువు తీయొద్దు, ఇంటోళ్ళ జోలికి, రిఫరెన్స్ కింద మనం పేరు రాసినోళ్ళ జోలికి, దోస్తుల జోలికి పోయి వాళ్ళ ప్రైవసీ చెడగొట్టొద్దు, పేరు చెప్పకుండ బెదిరించే ఫోన్లు చేయొద్దు. ఇంక ఒకటి గట్టిగ గుర్తు పెట్టుకోండి, రిఫరెన్స్ వేరు ష్యూరిటీ వేరు. ష్యూరిటీ అంటే నువ్వు కట్టకపోతే నేను కడ్త అని హామీ, ఆ సంతకం పెట్టినోళ్ళను అడిగే హక్కు వాళ్ళకు ఉంటది, ఉత్త రిఫరెన్స్ కింద మనం నంబర్ రాసిన మనిషి ఒక్క రూపాయి కూడా కట్టాల్సిన పని లేదు.

గ్రూపు లోన్ల సంగతి ఇంకా వేరే, మన నల్గొండ, పాలమూరు ఊర్లల్ల ఆడోళ్ళకు ఎక్కువ తగిలేది ఇదే. ఇంటి ఆదాయం ఏడాదికి 3 లక్షల దాకా ఉన్నోళ్ళకు ఏదీ తాకట్టు లేకుండ ఇచ్చేదాన్ని మైక్రోఫైనాన్స్ అంటరు, దానికి 2022 మార్చి 14న వేరే రూల్స్ వచ్చినయి, ఇక్కడ టైమ్ పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకనే. కిస్తీ వసూలు ఇద్దరూ ఒప్పుకున్న ఒక జాగల, అంటే గ్రూపోళ్ళంతా కూడే సెంటర్ మీటింగ్ అయ్యే కాడనే జరగాలె, వరుసగ రెండుసార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ రాకపోతేనే ఇంటికో పని కాడికో రావచ్చు. పేర్లు బయట పెట్టుడు, చుట్టాలను, కూలికి తోడొచ్చేటోళ్ళను సతాయించుడు ఇవన్నీ అదే రూల్స్‌ల వద్దని ఉన్నయి. మరి మన కాడ ఏం జరుగుతది, ఒకామె కిస్తీ తప్పితే గ్రూపుల మిగిలినోళ్ళందరిని తీస్కపోయి ఆమె గడప ముందట కూర్చోబెడ్తరు, పొద్దు గూకేదాక. గ్రూపోళ్ళకు ఆమె బాకీ తెలుసుడు తప్పు కాదు, వాకిట్ల కూర్చోబెట్టి వాడంతా చూసేటట్టు చేసుడే తప్పు. ఆ నడుమ బొంబాయి కూలికి పోయిన మొగడికి ఫోన్ చేసి బూతులు తిడితే అది కూడా నోట్‌బుక్‌ల రావాలె.

ఇప్పుడు రాసుడు. ప్రతి కాల్‌కు, ప్రతి రాకకు ఒక లైన్: తేదీ, గంట నిమిషంతో సహా, ఏ నంబర్ నుంచి, ఎవరికి, ఎంతసేపు, ఏమన్నడు. "బెదిరించిండు" అని రాయకండి, అది మన అభిప్రాయం అయితది, వాడు అన్న మాట ఉన్నదున్నట్టు రాయండి, బూతైనా సరే. ఇంటికి వస్తే ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన లెటర్ అడిగి చూపిచ్చిండా లేదా రాయండి, బ్యాంకు పంపిన ఏజెంట్ అయితే ఆ రెండూ ఎంబడి ఉండాలని 2008 నుంచే ఉంది. చుట్టాలకు కాల్ పోతే వాళ్ళు నోటితోని చెప్పుడు కాదు, ఆ రోజే కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌ల పంపమనండి.

నిమిషం దాకా ఎందుకంటే, రికవరీ ఏజెంట్లు (వసూలుకు పెట్టుకున్నోళ్ళు) కస్టమర్లతోని మాట్లాడే కాల్స్ రికార్డ్ చేయాలని ఆర్‌బీఐ బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. మీరు 8:42 అని రాసిస్తే ఆ రికార్డింగ్ తీసి వినమని గట్టిగ అడగొచ్చు, మొన్న రాత్రి అంటే నాకు వచ్చిన జవాబే వస్తది. తర్వాత ఇట్ల ఈమెయిల్ పంపండి:

"నా లోన్ నంబర్ ఇది. ఫలానా తేదీ రాత్రి 8:42కు ఈ నంబర్ నుంచి మా మేనమామకు ఫోన్ చేసి నా బాకీ గురించి చెప్పారు. ఆయన ష్యూరిటీ కాదు. ఇక నుంచి ఈ లోన్ విషయం నాతోనే, నా నంబర్‌కే మాట్లాడండి. ఆ కాల్ రికార్డింగ్ విని రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి."

పంపిన తేదీ నోట్‌బుక్‌ల రాయండి, 30 రోజులు అక్కడి నుంచే లెక్క. అప్పటికీ జవాబు రాకపోతే, వచ్చినా సక్కగ లేకపోతే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (కస్టమర్ల ఫిర్యాదులు చూసే అధికారి) దగ్గరికి పోవచ్చు, పైసా ఖర్చు లేదు, అడగాలంటే ఫోన్ నంబర్ 14448. కొట్టుడు, ఫొటోలు మార్ఫింగ్ చేసుడు దాకా పోతే 30 రోజులు ఆగకండి, స్టేషన్‌కు పోండి, ఆన్‌లైన్ మోసం అయితే 1930కు ఫోన్ చేయండి.

అన్నీ తప్పులే అనుకోకండి. టైమ్‌ల మీకే ఫోన్ చేసి మర్యాదగా అడుగుడు తప్పు కాదు, సిబిల్‌కు (ఎవరు అప్పు ఎట్ల కడుతున్నరో రికార్డు పెట్టే సంస్థ) చెప్పుడు తప్పు కాదు, ఇల్లు తాకట్టు పెట్టి అది జప్తు దాకా పోతే పేపర్ల నోటీసు వేసుడు కూడా చట్టం ప్రకారమే. ఇవి కలిపి రాస్తే మీ అసలు కంప్లైంట్ పలుచన అయితది.

ఈ వారం పని: ఫోన్ సెట్టింగ్స్‌ల లోన్ యాప్ పేరు మీద నొక్కి పర్మిషన్స్ చూడండి. కాంటాక్ట్స్, కాల్ లాగ్, ఫొటోలు యాప్ చూడొద్దని డిజిటల్ లోన్ల రూల్స్‌ల 2022 నుంచే ఉంది, కెమెరా, మైక్, లొకేషన్ మాత్రం కేవైసీ (మనం ఎవరో చూసుకునుడు) కోసం ఒక్కసారి, అది కూడా మీరు ఒప్పుకుంటేనే. కాంటాక్ట్స్ ఆన్ ఉంటే ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాతనే ఆఫ్ చేయండి, వెనకాముందు అయితే సాక్ష్యం పోతది. ఆఫ్ చేసినా ఇంతకుముందే తీసుకున్న నంబర్లు వాళ్ళ దగ్గర ఉంటయి, వాటిని తీసేయమని ఎట్ల రాయాలనేది 4వ పాఠంల చూద్దాం, దానికి ఆ స్క్రీన్‌షాట్, ఈ నోట్‌బుక్ రెండూ కావాలె.