ఇజ్రాయెల్ పాత్రికేయుడు అమోస్ ఎలోన్ మీద పది నిమిషాలు మాట్లాడాలంటే

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో సాహిత్య సభలో విదేశీ రచయితను పరిచయం చేయమంటే, చాలామంది నెట్‌లో దొరికిన నాలుగు పేరాలు చదివేసి కూర్చుంటారు. ఎలోన్ లాంటి రచయితకు అది చాలదు.

ముందు ఒక ఠావు తీసుకుని నాలుగు నిలువు గడులు గీయండి: ఏడాది, ఊరు, ఏం జరిగింది, ఎక్కడ చదివాం. నాలుగో గడి ఖాళీగా ఉన్న సంగతి సభలో చెప్పకూడదు.

మొదటి వరుసలోనే తప్పు దొర్లుతుంది. ఆయన 1926లో వియన్నాలో పుట్టారు. 1933లో కుటుంబం వెళ్లింది పాలస్తీనాకు, అప్పుడది బ్రిటిష్ ఏలుబడిలో ఉంది. ఇజ్రాయెల్ ఏర్పడింది 1948లో. ‘1933లో ఇజ్రాయెల్ చేరారు’ అన్నారో, తెలిసినవాళ్లు అక్కడే వినడం మానేస్తారు.

ఆయన పనిచేసిన హారెట్జ్ హీబ్రూ దినపత్రిక. దాని ఇంగ్లిష్ ముద్రణ 1997లో గానీ మొదలవలేదు. హీబ్రూ రాకుండా ఆయన పాత వార్తల శైలి గురించి తీర్పులివ్వకండి. ఇంగ్లిష్‌లో దొరికే ఆయన పుస్తకాల మీద, అమెరికా సాహిత్య పత్రిక ‘న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్’లో రాసిన వ్యాసాల మీద ఆధారపడండి.

పుస్తకాల ఏళ్లు రాసేటప్పుడు కన్యాశుల్కాన్ని గుర్తు పెట్టుకోండి. ప్రదర్శన 1892, తొలి ముద్రణ 1897, తిరగరాసిన కూర్పు 1909. ఏ ఏడాది దేనిదో చెప్పకపోతే మనవాళ్లు ఊరుకోరు కదా! ఇక్కడా అంతే. ‘ది ఇజ్రాయెలీస్’ 1971, యూదు దేశం కోసం ఉద్యమించిన థియోడర్ హెర్జల్ జీవితచరిత్ర ‘హెర్జల్’ 1975, ‘ది పిటీ ఆఫ్ ఇట్ ఆల్’ 2002. చివరిదానికి అమెరికా, బ్రిటన్ ప్రతుల ఉపశీర్షికలు వేరు. రెండు పుస్తకాలని లెక్కెయ్యకండి.

సగం సమయం ఈ చివరి పుస్తకానికే ఇవ్వండి. అది జర్మనీ యూదుల చరిత్ర. తర్వాత పేరుమోసిన యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్‌సన్ పద్నాలుగేళ్ల వయసులో 1743లో బెర్లిన్‌లోకి అడుగుపెట్టడంతో అది మొదలవుతుంది. ఆనాటి ద్వారపాలకుడి చిట్టాలో ఎద్దులు, పందుల పక్కనే ఒక యూదుడు పద్దుగా ఎక్కాడు. ఆ ఒక్క వివరం నెమ్మదిగా చెప్పండి, సభ మీ వెంట వస్తుంది. కథ ముగిసేది జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో. ఎలోన్ ఇంటివాళ్లు ఊరు విడిచిందీ ఆ ఏడే. ఈ ముడి తప్పకుండా చూపించాలి.

1967 అరబ్ యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన ప్రాంతాల్లో యూదుల నివాస స్థావరాలు కట్టడాన్ని ఆయన గట్టిగా విమర్శించారు. దీనిమీద ప్రశ్నలు తప్పవు. మీ అభిప్రాయం, ఆయన అభిప్రాయం కలిపేయకుండా, ఏ రచనలో ఏమన్నారో చీటీ మీద రాసి ఉంచుకోండి.

2004లో ఇటలీకి మకాం మార్చారు, 2009లో టస్కనీలో కన్నుమూశారు. ఇది రెండు వాక్యాలు చాలు. ఫోన్‌లో టైం పెట్టుకుని పైకి చదవండి. పది దాటితే బాల్యంలో కోయండి, పుస్తకాల జోలికి పోకండి.