అన్‌ఎంప్లాయ్‌మెంట్ డబ్బు ఆగిపోయిందా, రాదన్నారా? అమెరికాలో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

లేఆఫ్ అయిన వారంలోనే అప్లై చేశారు. నెల దాటింది. పోర్టల్ ఎప్పుడు తెరిచినా ‘పెండింగ్’ అన్న మాటే. మనవాళ్లు ఇక్కడ రెండు పొరపాట్లు చేస్తారు. కొందరు వచ్చినప్పుడే వస్తుందిలే అని వదిలేస్తారు. కొందరు కంగారుపడి ఇంకో కొత్త క్లెయిమ్ వేస్తారు. రెండోది మరీ చేటు. ఒకే మనిషి పేరు మీద రెండు దరఖాస్తులు కనబడితే చిక్కుముడి ఇంకాస్త బిగుస్తుంది.

ముందు మొహమాటం పక్కన పెట్టండి. ఇది ఎవరో వేసే దానం కాదు, 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా వచ్చిన బీమా. మీ జీతం లెక్కన కంపెనీ కట్టిన పన్నుల్లోంచి ఇస్తారు. నడిపేది రాష్ట్రాలు కాబట్టి టెక్సాస్‌లో ఉన్న బావగారి సలహా కాలిఫోర్నియాలో ఉన్న మీకు పనికిరాకపోవచ్చు. గ్రీన్ కార్డు, ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉన్నవాళ్లు నిక్షేపంగా అడగొచ్చు. హెచ్-1బీ వాళ్లకే కష్టం. ఏ కంపెనీలోనైనా వెంటనే చేరే అనుమతి ఉందా అన్న ప్రశ్న దగ్గర చాలావరకు తిరస్కరిస్తారు. ఇక ఈ డబ్బు తీసుకుంటే గ్రీన్ కార్డు పోతుందన్న ప్రచారం నమ్మకండి. అన్‌ఎంప్లాయ్‌మెంట్ బీమా పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషి అన్న ముద్ర) లెక్కలోకి రాదని ఇమ్మిగ్రేషన్ శాఖే చెబుతోంది.

ఎన్ని రోజులు ఆగాలి?

ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు ఒక గీత గీసింది. డబ్బు రావలసిన మొదటి వారం ముగిశాక, వెయిటింగ్ వీక్ (డబ్బు ఇవ్వని తొలి వారం) ఉన్న రాష్ట్రాలు తొలి చెల్లింపుల్లో 87 శాతాన్ని 14 రోజుల్లో ఇవ్వాలి. వెయిటింగ్ వీక్ లేని రాష్ట్రాలకు 21 రోజులు. మూడు వారాలు దాటితే మీ క్లెయిమ్ మీద ఏదో ప్రశ్న ఉందనే అనుకోండి. ఆ ప్రశ్న ఏమిటో కనుక్కోవడమే మీ మొదటి పని.

ఎక్కడ ఆగిందో పట్టుకోండి

ఎక్కువగా ఆగేది మూడు చోట్ల. ఒకటి ఐడీ వెరిఫికేషన్. ఇది తేలిక. పోర్టల్ ఇన్‌బాక్స్‌లోనో, మెయిల్ స్పామ్‌లోనో లింకు పడి ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకోలా ఉంటే మాత్రం రెండిటి కాపీలూ కలిపి పంపండి.

రెండోది జీతం లెక్క. ఐటీలో ఉన్న మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. రోజూ కూర్చున్నది క్లయింట్ ఆఫీసులో, జీతం వేసింది కన్సల్టెన్సీ. దరఖాస్తులో అలవాటుగా క్లయింట్ పేరు రాస్తారు. రాష్ట్రం దగ్గర ఆ కంపెనీ కింద మీ పేరే ఉండదు, జీతం సున్నా అని ఉత్తరం వస్తుంది. డబ్ల్యూ-2 (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల ఫారం) మీద ఏ పేరుందో అదే రాయాలి. ఇప్పటికే తప్పు రాసి ఉంటే డబ్ల్యూ-2, పే స్టబ్‌లు పంపి సరిచేయమని అడగండి. ఇంకో సంగతి: చివరగా ముగిసిన ఐదు త్రైమాసికాల్లో మొదటి నాలుగింటినే మామూలుగా లెక్కలోకి తీసుకుంటారు. మే నెలలో క్లెయిమ్ వేస్తే కిందటి ఏడాది జనవరి నుంచి డిసెంబర్ దాకా వచ్చిన జీతమే చూస్తారు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు ‘ఆల్టర్నేట్ బేస్ పీరియడ్’ (ఇంకా ఇటీవలి జీతాన్ని చూసే లెక్క) ఉందా అని తప్పక అడగాలి. చాలా రాష్ట్రాల్లో ఉంటుంది.

మూడోది ఉద్యోగం ఎలా పోయిందన్నది. మీరు లేఆఫ్ అన్నారు, కంపెనీ రాజీనామా అంది. ఇక ఫైలు విచారణకు వెళుతుంది, ఒక అధికారి ఫోన్ చేస్తారు. ‘రిజైన్ చేస్తే రికార్డు బాగుంటుంది, లేకపోతే మేమే తీసేస్తాం’ అని హెచ్ఆర్ అన్నారా? అయితే ఆ మాటే చెప్పండి. ఊరికే ‘రిజైన్ చేశాను’ అంటే మీ అంతట మీరే మానేసినట్టు రాసుకుంటారు.

ఈలోగా వీక్లీ సర్టిఫికేషన్ (ఇంకా ఉద్యోగం లేదు, వెతుకుతున్నాను అని వారం వారం పోర్టల్‌లో చెప్పడం) మాత్రం ఒక్క వారం కూడా మానకండి. పెండింగ్‌లో ఉన్నా, తిరస్కరించినా, అప్పీల్ నడుస్తున్నా చేస్తూనే ఉండాలి. రేపు మీరు గెలిస్తే సర్టిఫై చేసిన వారాలకే డబ్బు వస్తుంది. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడ అప్లై చేశారో తేదీలతో రాసిపెట్టుకోండి.

ఫోన్ లైన్లు తెరిచే నిమిషానికే డయల్ చేయండి. మాట్లాడిన తేదీ, అవతలివాళ్ల పేరు, చెప్పిన మాట ఒకచోట రాసుకోండి. అయినా కదలకపోతే మీ నియోజకవర్గపు రాష్ట్ర శాసనసభ్యుల ఆఫీసుకి మెయిల్ పెట్టండి. వాషింగ్టన్‌లో ఉండే కాంగ్రెస్ సభ్యులకు కాదు, రాష్ట్ర సభలో ఉన్నవాళ్లకు. ఇలాంటివి చూడటానికి వాళ్ల దగ్గర సిబ్బంది ఉంటారు. ఓటు హక్కు లేదే అని సందేహించనక్కర్లేదు, ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. క్లెయిమ్ నంబరు, ఆగిన వారాలు, ఇప్పటిదాకా చేసిన ఫోన్లు, ఈ మూడూ నాలుగు లైన్లలో రాయండి.

తిరస్కరించారా? తేదీ చూడండి

గడువు మీరు ఉత్తరం చదివిన రోజు నుంచి కాదు, దాని మీద ఉన్న మెయిలింగ్ తేదీ నుంచి మొదలవుతుంది. టెక్సాస్‌లో 14 రోజులు, పెన్సిల్వేనియాలో 21, కాలిఫోర్నియాలో 30. శని ఆదివారాలూ లెక్కే. నా స్నేహితుడొకడు పోస్టులో వస్తుందని డబ్బా చూస్తూ కూర్చున్నాడు. ఉత్తరం పోర్టల్‌లో పన్నెండు రోజులుగా పడి ఉంది. గడువుకు మిగిలింది రెండే రోజులు.

అప్పీల్‌లో కథ అక్కర్లేదు. ‘ఫలానా తేదీ నిర్ణయంతో నేను ఏకీభవించడం లేదు. విచారణ కోరుతున్నాను’ అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు, క్లెయిమ్ నంబరు, సంతకం. వాదన విచారణలో చెప్పుకోవచ్చు. గడువు దాటినా, తగిన కారణం ఉంటే అది రాసి అప్పీల్ వేయండి.

విచారణ రోజు

చాలావరకు ఫోన్‌లోనే జరుగుతుంది. ప్రమాణం చేయిస్తారు, రికార్డు చేస్తారు, కంపెనీ మనిషి కూడా లైన్లో ఉంటారు. తెలియని నంబర్లను బ్లాక్ చేసే సెట్టింగ్ ఆ రోజు తీసేయండి. కొన్ని రాష్ట్రాల్లో మీ నంబరు ముందే నమోదు చేయాలి, నోటీసు చివరిదాకా చదవండి. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే ముందే తెలుగు దుబాసీని అడగండి, ఖర్చు మీకు పడదు.

మీ ఫైలు కాపీ ముందుగా తెప్పించుకోండి. కంపెనీ ఏం రాసిచ్చిందో అందులో ఉంటుంది. మీ కాగితాలు జడ్జికీ కంపెనీకీ ముందే చేరాలి. ఆ రోజు ‘నా దగ్గర మెయిల్ ఉంది’ అంటే వినకపోవచ్చు.

దుష్ప్రవర్తన వల్ల తీసేశామంటే దాన్ని రుజువు చేయాల్సింది కంపెనీ. మీరే మానేస్తే తగిన కారణం చూపాల్సింది మీరు. పని అనుకున్నంత బాగా రాకపోవడం వేరు, కావాలని రూలు మీరడం వేరు. టెర్మినేషన్ లెటర్‌లో ‘పెర్ఫార్మెన్స్’ అని మాత్రమే ఉంటే ఆ కాగితమే మీకు కొండంత అండ.

‘చివరి రోజు ఏం జరిగింది?’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పైన చెప్పిన స్నేహితుడు నాలుగేళ్ల కిందటి మేనేజర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. జడ్జి రెండుసార్లు ఆపారు. మూడోసారి అడిగితే ఇలా చెప్పాడు: ‘పది గంటలకు మీటింగ్‌కి పిలిచారు. టార్గెట్ అందుకోలేదన్నారు. లాప్‌టాప్ తీసుకున్నారు.’ ఆ మూడు ముక్కలే తీర్పులోకి ఎక్కాయి.

ఇక్కడ ఓడిపోతే పైన రివ్యూ బోర్డు, ఆ తర్వాత కోర్టు ఉన్నాయి. కానీ బోర్డు ఎక్కువగా ఈ విచారణ రికార్డునే తిరగేస్తుంది, కొత్త సాక్ష్యం సాధారణంగా తీసుకోదు. అందుకే దాచుకోకుండా అన్నీ ఇక్కడే పెట్టాలి.

మీరు గెలిచాక కంపెనీ అప్పీల్ చేస్తే, అంతమాత్రాన మీ డబ్బు ఆపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. కాకపోతే కంపెనీ గెలిస్తే తిరిగి కట్టమంటారు. మీ తప్పేమీ లేకపోతే మాఫీ అడిగే వీలు చాలాచోట్ల ఉంది, దానికీ గడువు ఉంటుంది.

ఆగిన డబ్బంతా ఒక్కసారిగా వచ్చి పడితే దాని మీద ఫెడరల్ పన్ను ఉంటుందని గుర్తుంచుకోండి. జనవరిలో 1099-జీ (ఎంత అందిందో చూపే పన్ను ఫారం) వస్తుంది. అడిగితే ముందే 10 శాతం పట్టుకుంటారు.