వానల ముందు సొంతంగా సిమెంటు పని: నీటి లెక్క తప్పకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

పిట్టగోడకు పూత, వాకిట్లో కాంక్రీటు, పెరట్లో నడుమెత్తు గోడ లాంటి చిన్న పనులు చాలామంది సొంతంగానే చేసుకుంటారు. చేసుకోవచ్చు కూడా. అయితే వానలు దగ్గర పడ్డాక మొదలుపెట్టిన పని చెడిందంటే, చాలాసార్లు కారణం నీళ్లే. బస్తాలోకి చెమ్మగా చేరతాయి, ఇసుకలో కనబడకుండా ఉంటాయి, కలిపేటప్పుడు ఎక్కువవుతాయి, తీరా పని అయ్యాక తడపాల్సిన రోజుల్లో పోసేవాళ్లుండరు.

శ్లాబు, స్తంభాలు, దూలాలు, మట్టిని ఆపే గోడలు మాత్రం సొంత పనుల కింద లెక్కపెట్టకండి. ఇంజనీరు లెక్క లేకుండా వాటి జోలికి వెళ్లొద్దు.

సిమెంటు బస్తా కొనేముందు తయారీ తేదీ చూడండి. మూడు నెలలు దాటినది బాగా దాచినా అయిదో వంతు వరకు బలం కోల్పోవచ్చు. చెయ్యి లోపలికి పెడితే చల్లగా, మెత్తగా తగలాలి. బస్తాల బరువుకి అణిగి కట్టిన ఉండలు వేళ్లతో నలిపితే పొడి అయిపోతాయి, వాటితో ఇబ్బంది లేదు. నలగని గడ్డలుంటే మాత్రం లోపల చెమ్మ తిరిగిందని అర్థం. గడ్డలు జల్లించేసి మిగిలిన పొడి వాడేస్తుంటారు కానీ, ఆ పొడి కూడా కొంత చచ్చిన సిమెంటే. గుంతలు పూడ్చడానికి తప్ప గోడకీ కాంక్రీటుకీ వాడొద్దు. దాచేటప్పుడు నేలకు జానెడు ఎత్తులో చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాలకు మించని వరుసగా పేర్చి, పైన పట్టా కప్పండి. ముందు తెచ్చినది ముందు వాడండి.

ఇసుక దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. మొదట మట్టి ఎంతుందో చూడాలి. నిలువుగా ఉండే గాజు సీసాలో సగం దాకా ఇసుక, ముప్పావు దాకా నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద మెత్తటి మట్టి పొర వేరుగా పేరుకుంటుంది. 10 సెంటీమీటర్ల ఇసుకకు ఆ పొర 8 మిల్లీమీటర్లు దాటితే కడగనిదే వాడకూడదు. మట్టి సిమెంటును ఇసుక రేణువుకు అంటుకోనివ్వదు. పూత పెచ్చులుగా రాలేది ఇందువల్లే.

రెండోది ఉబ్బు. కాస్త తడి తగిలిన ఇసుక పొంగుతుంది. 5 శాతం చెమ్మ ఉంటే పావు వంతు దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అదే జోరుగా వాన పడి పూర్తిగా నానితే మళ్లీ పొడి ఇసుకంతే అవుతుంది. అంటే తట్టలతో కొలిచినప్పుడు పొద్దున కలిపిన మాలుకీ (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద), మధ్యాహ్నం వాన తర్వాత కలిపిన మాలుకీ పాళ్లు వేరువేరు. ఉబ్బు ఎంతుందో తెలియాలంటే, అదే సీసాలో తడి ఇసుకను వదులుగా 20 సెంటీమీటర్ల ఎత్తు నింపి, తీసేసి, సగం దాకా నీళ్లు పోసి ఆ ఇసుకనంతా అందులో వేసి కలియబెట్టండి. 16 సెంటీమీటర్ల దగ్గర నిలబడిందంటే, 4 తట్టలు వేయాల్సిన చోట 5 వేయాలన్నమాట. ఈ కొలతల బాధ తగ్గాలంటే ఇసుక కుప్పను మొదటి రోజు నుంచే కప్పి ఉంచడం మేలు.

50 కిలోల బస్తా దాదాపు 35 లీటర్లు. తట్టకెంత పడుతుందో బకెట్టుతో ఒకసారి కొలిచి పెట్టుకోండి. ఇటుక కట్టుబడికి సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, నాలుగంగుళాల గోడకూ బయటి పూతకూ ఒకటికి నాలుగు సరిపోతాయి. సిమెంటు ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుందని ఒకటికి రెండు కలిపితే ఆరేటప్పుడు పూత ముడుచుకుని బీటలు వారుతుంది. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర వేసే కాంక్రీటుకు బస్తాకు 30 లీటర్ల నీళ్లు మించకూడదు. ఈ 30లో ఇసుకలోని నీళ్లూ కలిసే ఉన్నాయి. 5 శాతం చెమ్మంటే బస్తాకు సరిపడే ఇసుకలోనే దాదాపు 4 లీటర్లు వచ్చేసినట్టు. పల్చగా ఉంటే పని తేలిక నిజమే. కానీ సిమెంటుకు అక్కర్లేని నీరు ఆరిపోయి, అది ఉన్నచోట సన్నటి ఖాళీలు మిగులుతాయి. వాననీరు దిగేది వాటిలోంచే.

మాలు రెండు గంటల్లో వాడేయగలిగినంతే కలపండి. బిగుసుకోవడం మొదలైన దాంట్లో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచడం వద్దు.

ఎర్ర ఇటుకలు రెండు తట్టి చూస్తే ఖంగుమనాలి, గోటితో గీస్తే గీత పడకూడదు. ఎండలో ఉన్నవాటిని బుడగలు ఆగేదాకా నానబెట్టి, పైతడి ఆరాక కట్టాలి. వానకు తడిసి ముద్దయిన ఇటుక మాలును పట్టుకోదు, వరుస జారిపోతుంది. సిమెంటు దిమ్మెలను మాత్రం నానబెట్టకూడదు, తర్వాత అవి ముడుచుకుంటే గోడ చీలుతుంది. మామూలుగా రోజుకు మీటరున్నర ఎత్తు కట్టొచ్చు, జల్లుల రోజుల్లో మీటరు దగ్గర ఆపి పైవరుస మీద పట్టా కప్పండి.

పని మధ్యలో వాన వస్తే ఏం చేయాలో ముందే తేల్చుకోండి. పట్టా, దాన్ని ఎత్తిపట్టే కర్రలు, అంచుల మీద పెట్టే ఇటుకలు పక్కనే ఉండాలి. కొత్త కాంక్రీటు మీద నీరు నిలిస్తే తాపీతో రుద్ది లోపలికి కలపొద్దు, పక్కకు తోసేయండి. తడి పీల్చడానికని పొడి సిమెంటు చల్లడం మరీ చెడ్డ అలవాటు. ఆ పైపొర తర్వాత పొట్టులా లేచిపోతుంది.

బిగుసుకున్నాక మాత్రం నీళ్లే కావాలి. కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే (బస్తా మీద PPC అని ఉంటుంది) పది రోజులు తడి ఆరకుండా చూడాలి. వానాకాలమే కదా అని వదిలేస్తారు, రెండు జల్లుల మధ్య ఎండకూ గాలికీ ఆరిపోయేది అప్పుడే. గోనె సంచులు కప్పి తడపండి.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, మంట గంటల తర్వాత గాని తెలియదు. తడి కాంక్రీటు మీద మోకాళ్లానించి కూర్చోవద్దు. రబ్బరు చేతి తొడుగులు, బూట్లు వేసుకోండి. తొడుగులోకి మాలు దిగితే వెంటనే విప్పి కడుక్కోండి. ఇటుకలూ పలకలూ కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోస్తే రాతి ధూళి ఊపిరితిత్తుల్లోకి పోవడం చాలావరకు తగ్గుతుంది, కానీ ఆ యంత్రం షాక్ కొట్టకుండా కాపాడే బ్రేకరున్న లైను మీదే నడవాలి. కంట్లో సిమెంటు పడితే నలపకుండా, రెప్ప తెరిచి పట్టుకుని ఇరవై నిమిషాలు మంచినీళ్లతో కడిగి, మంట తగ్గినా సరే వైద్యుడికి చూపించండి.