పాత ల్యాప్‌టాప్ – కొత్త ఆటలు: నాలుగవ పాఠం – ప్రాసెసర్ మార్చడం

మొదటి పాఠంలో ల్యాప్‌టాప్‌ను విప్పి శుభ్రం చేయడం, రెండవ దానిలో ర్యామ్‌ను రెండు సమానమైన ముక్కలుగా అమర్చడం, మూడవ దానిలో హార్డ్ డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డి పెట్టడం నేర్చుకున్నాం. ఆ మూడు పనుల్లో పొరపాటు జరిగినా సరిదిద్దుకొనే వీలుంది. ఈ పాఠంలోని పని అటువంటిది కాదు. ప్రాసెసర్ (ల్యాప్‌టాప్ లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్పు) అడుగున వందలాది సన్నని పిన్నులు ఉంటాయి; వాటిలో ఒక్కటి విరిగినా ఆ ప్రాసెసర్ పనికిరాకుండా పోవచ్చు. అందువల్ల స్క్రూ డ్రైవర్ పట్టుకొనేలోపు కాగితం, కలం పట్టుకొని చేయవలసిన పని ఈ పాఠంలో సగానికి పైగా ఉంది. ఆ భాగాన్ని దాటవేసి నేరుగా విప్పడానికి దిగవద్దని మనవి.

ఇంతవరకు ఉదాహరణగా తీసుకొన్న యంత్రాన్నే ఇక్కడా కొనసాగిస్తాను. అమలాపురంలో చదువుకొంటున్న మా మేనల్లుడి ల్యాప్‌టాప్ అది. 2012 నాటిది, ఇంటెల్ మూడవ తరం ఐ3-3110ఎమ్ ప్రాసెసర్, హెచ్‌ఎమ్76 చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్పు), విడిగా ఒక చిన్న గ్రాఫిక్స్ చిప్పు ఉన్నాయి. ఆ ప్రాసెసర్‌లో రెండు కోర్లు (లెక్కలు చేసే విభాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉన్నాయి, వేగం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, అవసరమైనప్పుడు పెరిగే టర్బో సదుపాయం దానికి లేదు.

అసలు లోపం ప్రాసెసర్‌దేనా?

ఆట ఆగి ఆగి నడిస్తే తప్పు ప్రాసెసర్‌దేనని చాలామంది తీర్మానించుకొంటారు. చాలాసార్లు తప్పు గ్రాఫిక్స్ చిప్పుది. ల్యాప్‌టాప్‌లో దానిని మార్చడం దాదాపు అసాధ్యం కనుక, ఈ తేడా తెలుసుకోకుండా ప్రాసెసర్ కొంటే ఆ సొమ్ము వృథా అవుతుంది. తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. మీరు ఆడే ఆటను మామూలు రిజల్యూషన్‌లో, అంటే ఆ కాలపు తెరలకు 1366×768లో, ఒకే చోట నిలబడి సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో రాసుకోండి. తరువాత రిజల్యూషన్‌ను 800×600కు తగ్గించి అదే చోట మళ్లీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే అంతవరకు బరువు మోస్తున్నది గ్రాఫిక్స్ చిప్పు. ప్రాసెసర్ మార్చినా మీకు దక్కేది స్వల్పం. రిజల్యూషన్ అంత తగ్గించినా ఫ్రేములు కదలకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసర్. ఈ పాఠం మీ కోసమే.

ఇంకొక హద్దు కూడా తెలిసి ఉండాలి. కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆట కనీసం నాలుగు థ్రెడ్లు, డైరెక్ట్ఎక్స్ 11 (విండోస్ ఆటలు బొమ్మలు గీయడానికి వాడే ప్రమాణం) గ్రాఫిక్స్ అడుగుతుంది. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ (ఇంటెల్ రెండవ తరం) ప్రాసెసర్లలో ఉండే హెచ్‌డి 3000 గ్రాఫిక్స్ డైరెక్ట్ఎక్స్ 10.1తో ఆగిపోతుంది కాబట్టి, విడి గ్రాఫిక్స్ చిప్పు లేని ఆ తరం యంత్రంలో ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా ఆ ఆట నడవదు. ఎల్డెన్ రింగ్ వంటి 2022 నాటి ఆట కనీస అర్హతగానే ఐ5-8400 ప్రాసెసర్‌ను, 12 జీబీ ర్యామ్‌ను కోరుతుంది. దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మన ప్రయత్నం 2013–2018 మధ్య వచ్చిన పెద్ద ఆటలకు, నేటి తేలికపాటి పోటీ ఆటలకు సరిపోతుంది. నా దృష్టిలో అది తక్కువేమీ కాదు.

సాకెట్ గుర్తించడం

ప్రాసెసర్ పేరు చివరి అక్షరాలను చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. ఇంటెల్ రెండు, మూడు తరాల్లో పేరు చివర ఎమ్, క్యూఎమ్ అని ఉన్నవి ఎక్కువగా సాకెట్‌లో, అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌ను తీసి పెట్టగల గూడులో, కూర్చొనేవి. నాలుగవ తరమైన హాస్‌వెల్‌లో ఎమ్, ఎమ్‌క్యూ అని ఉంటాయి. చివర యు ఉన్నవి, హెచ్‌క్యూ ఉన్నవి మదర్‌బోర్డు మీదే టంకం వేసి అతికించినవి. వాటిని ఇంట్లో మార్చలేం. హాస్‌వెల్ తరువాత, అంటే బ్రాడ్‌వెల్ నుంచి, ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లను సాకెట్‌లో ఇవ్వడమే మానివేసింది. కనుక మీ యంత్రం 2015 తరువాతిదైతే ఈ పాఠాన్ని విజ్ఞానం కోసం మాత్రమే చదువుకోండి.

రెండు, మూడు తరాలు జి2 సాకెట్‌ను పంచుకొంటాయి; మొదటి తరానిది జి1, నాలుగవ తరానిది జి3. ఇవి ఒకదానిలో ఒకటి పట్టవు. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం తెరిస్తే ప్యాకేజీ అన్న వరుసలో సాకెట్ వివరం, మెయిన్‌బోర్డ్ అన్న పేజీలో చిప్‌సెట్ పేరు కనిపిస్తాయి. రెండింటినీ కాగితం మీద రాసుకోండి.

సాకెట్ కుదిరినంత మాత్రాన పని అయినట్టు కాదు. బయోస్‌లో, అంటే యంత్రం లేచేటప్పుడు మొదట నడిచే ప్రోగ్రాంలో, ఆ ప్రాసెసర్‌కు గుర్తింపు ఉండాలి. హెచ్‌ఎమ్65 చిప్‌సెట్ ఉన్న 2011 నాటి యంత్రాలు రెండవ తరానికి తయారైనవి. తయారీదారు తగిన బయోస్ నవీకరణ ఇచ్చి ఉంటేనే మూడవ తరం ప్రాసెసర్ వాటిలో లేస్తుంది, లేకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. మీ మోడల్‌నే పై శ్రేణి ప్రాసెసర్‌తో కూడా తయారీదారు అమ్మి ఉంటే అంతకు మించిన భరోసా లేదు. ఆ మోడల్ సర్వీసు మాన్యువల్‌లో ప్రాసెసర్ల పట్టిక ఉందేమో వెదకండి. బయోస్ నవీకరణ ఉంటే పాత ప్రాసెసర్ ఉండగానే, ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చేయండి. మన పల్లెల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు; నవీకరణ మధ్యలో యంత్రం ఆగిపోతే మదర్‌బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

హెచ్‌ఎమ్70 చిప్‌సెట్ గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. అది సెలెరాన్, పెంటియం ప్రాసెసర్లకు మాత్రమే ఉద్దేశించినది. అందులో ఐ3, ఐ5, ఐ7 ఏది పెట్టినా యంత్రం చక్కగానే లేస్తుంది, కాని సుమారు అరగంటకు దానంతట అదే ఆగిపోతుంది. ఈ సంగతి తెలియక ప్రాసెసర్లను మార్చి మార్చి చూసినవాళ్లు ఉన్నారు.

వేడి లెక్క

ఎంపికలో అసలు కీలకం ఇదే. ఐ3-3110ఎమ్ వెలువరించే వేడికి ఇంటెల్ పెట్టిన పరిమితి 35 వాట్లు. దాని హీట్ సింక్ (వేడిని పీల్చుకొనే లోహపు భాగం), ఫ్యాను ఆ వేడిని బయటికి పంపగలిగేటట్టు తయారైనవి. నాలుగు కోర్ల ఐ7-3610క్యూఎమ్, 3740క్యూఎమ్ వంటివి 45 వాట్లవి. అంటే అదే రాగి గొట్టం, అదే చిన్న ఫ్యాను ఇప్పుడు పది వాట్లు అదనంగా మోయాలి. ప్రాసెసర్ వేడి గది వేడి మీద ఆధారపడి లేస్తుంది. గది 28 డిగ్రీల నుంచి 38 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ కూడా దాదాపు ఆ పది డిగ్రీలూ పైకి పోతుంది. మార్గశిరంలో హాయిగా నడిచిన యంత్రం రోహిణి కార్తెలో తడబడడానికి కారణం ఇదే.

కొన్నేళ్ల క్రితం నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పడం న్యాయం. రాజమహేంద్రవరంలో ఒక మిత్రుడి యంత్రంలో 45 వాట్ల ఐ7 పెట్టాను. అప్పుడు చలికాలం, పరీక్షలన్నీ నెగ్గాయి. మే నెలలో అతడు ఫోన్ చేసి, ఆట మొదలైన పది నిమిషాలకు పాత ఐ3 కంటే అధ్వాన్నంగా నడుస్తోందని చెప్పాడు. విప్పి చూస్తే ప్రాసెసర్ తన వేడి హద్దును తాకి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకొంటోంది. తప్పు ప్రాసెసర్‌ది కాదు. ఆ హీట్ సింక్‌కు తగని భాగాన్ని ఎంచిన నాది. అప్పటి నుంచి 35 వాట్ల యంత్రంలో 35 వాట్ల ప్రాసెసర్‌నే పెట్టాలన్నది నా నియమం.

మూడవ తరంలో ఆ నియమం పాటించడం సులభం. ఐ7-3612క్యూఎమ్, ఐ7-3632క్యూఎమ్ రెండూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లతో 35 వాట్లలోనే వచ్చాయి. మా మేనల్లుడి యంత్రానికి 3632క్యూఎమ్ ఎంచుకొన్నాం. దాని మామూలు వేగం 2.2 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.2 వరకు వెళుతుంది. రెండవ తరంలో 35 వాట్ల నాలుగు కోర్ల ప్రాసెసర్ లేదు. ఆ యంత్రాలున్నవారు 35 వాట్ల ఐ7-2640ఎమ్ వంటి రెండు కోర్ల దానితో సరిపెట్టుకోవాలి, లేదా హీట్ సింక్ పెద్దదని నిర్ధారించుకొన్న తరువాతే ఐ7-2670క్యూఎమ్ వంటి 45 వాట్ల దానికి వెళ్లాలి.

డెల్టాలో వేడికి తోడు దుమ్ము సమస్య కూడా వేరుగా ఉంటుంది. రైసు మిల్లుల దగ్గర ఇళ్లలో ఊక నుసి, కోనసీమలో కొబ్బరి పీచు సన్నని పోగులు, గాలిలోని చెమ్మతో కలిసి హీట్ సింక్ రెక్కల మధ్య మందమైన పొరగా అట్టకడతాయి. బయటి నుంచి గాలి ఊదితే ఆ పొర కదలదు. ఫ్యానును విడదీసి, దానికీ రెక్కలకూ మధ్య పేరుకొన్న పొరను చేత్తో తీయవలసిందే. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారు సాకెట్ చుట్టూ ఆకుపచ్చని చిలుము పట్టిందేమో కూడా చూడాలి. చిలుము కనిపిస్తే ముందు దాని సంగతి తేల్చాలి, ప్రాసెసర్ మార్పు వాయిదా వేయాలి.

ఛార్జర్ విషయం క్లుప్తంగా: దాని మీద రాసిన వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అంటే 65 వాట్లు. విడి గ్రాఫిక్స్ చిప్పు ఉన్న యంత్రంలో నాలుగు కోర్ల ప్రాసెసర్ పెడితే, అదే కంపెనీ 90 వాట్ల ఛార్జర్ వాడడం మేలు.

కొనేటప్పుడు

ఈ ప్రాసెసర్లు కొత్తవి దొరకవు. పాత యంత్రాల నుంచి తీసినవే దొరుకుతాయి. భీమవరం, కాకినాడ మరమ్మతు దుకాణాల్లో విరిగిన ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డుల మీద అడిగి చూడండి. లేకపోతే సికింద్రాబాదులోని కంప్యూటర్ విడిభాగాల మార్కెట్ సీటీసీ నుంచి తెప్పించుకోవచ్చు. కొన్ని మోడళ్లు సాకెట్ రూపంలోనూ, టంకం రూపంలోనూ వచ్చాయి కనుక అడుగు భాగం ఫోటో తప్పనిసరిగా అడగండి: పిన్నులు కనిపించాలి, గుండ్రని టంకపు చుక్కలు కాదు. ఆ ఫోటోలోనే పిన్నుల వరుసలు నిటారుగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. పై భాగం మీద ఎస్, ఆర్ అక్షరాలతో మొదలయ్యే చిన్న కోడ్ ఉండాలి. దానికి బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం తయారైన నమూనా. ఎంత చవకైనా తీసుకోవద్దు.

అమర్చడం

ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. మన వైపు గాలిలో చెమ్మ వల్ల స్థిర విద్యుత్తు భయం తక్కువే, అయినా ఏసీ గదిలో గాలి పొడిగా ఉంటుంది కనుక కూర్చొనే ముందు ఒక పెద్ద లోహపు వస్తువును తాకండి.

హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు ముద్రించి ఉంటాయి. విప్పేటప్పుడు పెద్ద అంకె నుంచి చిన్నదానికి, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా సడలించండి. హీట్ సింక్ అంటుకొని ఉంటే పైకి లాగవద్దు. పక్కకు నెమ్మదిగా కదిపితే పాత థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని హీట్ సింక్‌కు చేరవేసే ముద్ద) పట్టు వదులుతుంది. కొన్ని నిమిషాల ముందు యంత్రాన్ని నడిపి కాస్త వేడెక్కించి ఉంటే ఇది ఇంకా సులువవుతుంది.

సాకెట్ పక్కన ఒక పెద్ద స్క్రూ, దాని దగ్గర తాళం వేసిన, తీసిన బొమ్మలు ఉంటాయి. చదునైన స్క్రూ డ్రైవర్‌తో తాళం తీసిన బొమ్మ వైపు సగం చుట్టు తిప్పండి. అప్పుడు ప్రాసెసర్ ఏ పట్టూ లేకుండా నిటారుగా పైకి వస్తుంది. కొత్తదానిని దించేటప్పుడు దాని ఒక మూల ఉన్న బంగారు రంగు త్రిభుజం సాకెట్ మీది గుర్తుతో కలవాలి. సరిగా పెడితే ప్రాసెసర్ తన బరువుతోనే కూర్చొంటుంది. వేలితో నొక్కవలసి వచ్చిందంటే ఏదో పిన్ను వంగిందని అర్థం. వెంటనే తీసి, ఏటవాలు వెలుతురులో వరుసలు చూడండి. వంగిన పిన్నును సీసం తీసిన 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ మొనతో, అతి నెమ్మదిగా, ఒకే వైపుగా నిలబెట్టవచ్చు. పదే పదే అటూ ఇటూ వంచితే విరుగుతుంది. కూర్చొన్నాక తాళం స్క్రూను తిరిగి సగం చుట్టు తిప్పండి.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పెట్రోలు, థిన్నర్, చేతులకు రాసుకొనే శానిటైజర్ వాడవద్దు. శానిటైజర్‌లోని గ్లిజరిన్ జిడ్డు పొరగా మిగిలిపోతుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు పైన లోహపు మూత ఉండదు, సిలికాన్ ముక్క నేరుగా హీట్ సింక్‌ను తాకుతుంది. అందుకే బియ్యపు గింజంత పేస్టు వేసి, ప్లాస్టిక్ కార్డు అంచుతో ఆ ముక్క అంతటా పలచగా పరచండి. చుట్టూ ఉన్న చిప్పుల మీది మెత్తని థర్మల్ ప్యాడ్‌లను తీసి పేస్టుతో నింపవద్దు. అక్కడి ఖాళీని పేస్టు పూడ్చలేదు. తరువాత స్క్రూలను 1 నుంచి 4 వరకు వరుసగా, రెండు మూడు విడతల్లో బిగించండి. ఫ్యాను తీగ తగిలించడం మరచిపోతే మొదటి నిమిషాల్లోనే వేడి పెరిగి యంత్రం ఆగిపోతుంది.

మొదటి ఆరంభం, పరీక్ష

మొదటిసారి తెర కొన్ని సెకన్లపాటు నల్లగా ఉండవచ్చు, యంత్రం ఒకసారి తనంతట తాను ఆగి మళ్లీ మొదలుకావచ్చు. బయోస్‌లోకి వెళ్లి కొత్త ప్రాసెసర్ పేరు కనిపిస్తోందో చూసి, డీఫాల్ట్ అమరికలు ఎంచి భద్రపరచండి. రెండు మూడు నిమిషాలైనా ఏమీ రాకపోతే ముందు ర్యామ్ ముక్కలను తీసి పెట్టండి. అప్పటికీ రాకపోతే పాత ప్రాసెసర్ పెట్టి యంత్రం లేస్తోందో చూడండి. అది లేస్తే మీ చేతిలో పొరపాటు లేదు. బయోస్ కొత్త ప్రాసెసర్‌ను ఒప్పుకోలేదు, లేదా కొన్న ప్రాసెసరే చెడిపోయినది.

విండోస్ లేచాక వేడిని చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం తెరిచి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి పరీక్షించే సినీబెంచ్‌ను పది నిమిషాలు నడపండి, ఆ తరువాత మీ ఆటను కనీసం 40 నిమిషాలు ఆడండి. మూడవ తరం నాలుగు కోర్ల ప్రాసెసర్ల వేడి హద్దు 105 డిగ్రీలు, కాని 90 దాటకుండా ఉంటేనే నేను తృప్తి పడతాను. 90 దాటితే పేస్టు సరిగా పరచుకోలేదని అనుమానించి మళ్లీ విప్పండి. అప్పటికీ తగ్గకపోతే విండోస్ పవర్ అమరికల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 99 శాతానికి మార్చండి. టర్బో ఆగిపోతుంది, వేడి గణనీయంగా తగ్గుతుంది; వేసవి రెండు నెలలూ ఇలా ఆడి, వానలు పడ్డాక తిరిగి 100 చేసుకోవచ్చు.

అభ్యాసం: రిజల్యూషన్ పరీక్షను ప్రాసెసర్ మార్చిన తరువాత మరొకసారి చేసి, పాత అంకెల పక్కనే కొత్తవి రాయండి. వాటితోపాటు గది వేడి, ఆటలో ప్రాసెసర్ గరిష్ఠ వేడి కూడా రాయండి. ఐదవ పాఠంలో గ్రాఫిక్స్ డ్రైవర్, ఆటలోని అమరికలు సరిచేసేటప్పుడు ఈ అంకెలే మనకు ఆధారం.