డీఎన్‌ఏ కోసే ఎంజైమ్ గురి మార్చడం: ల్యాప్‌టాప్ నుంచి జెల్ దాకా

డీఎన్‌ఏను ఒక నిర్దిష్ట అక్షర వరుస (గురి) దగ్గర కోసే ఎంజైమ్‌ను మరో వరుస దగ్గర కోసేలా మార్చడం: తిరుపతిలో ఎస్వీయూ, మహిళా వర్సిటీ, ఐసర్ విద్యార్థులు ప్రాజెక్టుగా ఎత్తుకోదగ్గ పని ఇది. మొదటి సగానికి లైనక్స్ ల్యాప్‌టాప్, పైరోసెట్టా (ప్రోటీన్లను కంప్యూటర్‌లో డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) చాలు.

ఈకోఆర్1 లాంటి రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌ల (డీఎన్‌ఏను చిన్న వరుసల దగ్గర కోసే బ్యాక్టీరియా ఎంజైమ్‌ల) జోలికి పోవద్దు. వాటిలో గుర్తుపట్టే భాగం, కోసే భాగం పెనవేసుకుని ఉంటాయి. ఒకటి కదిపితే రెండోది దెబ్బతింటుంది. ఐ-ఎంసోఐ అనే హోమింగ్ ఎండోన్యూక్లియేజ్ (పొడవైన వరుసను గుర్తుపట్టి కోసే ఎంజైమ్) తీసుకోండి. డీఎన్‌ఏతో కలిసిన దాని నిర్మాణం పీడీబీలో (ప్రోటీన్ నిర్మాణాల డేటాబేస్‌లో) 1ఎం5ఎక్స్ పేరుతో ఉంది. 2006లో ప్రోటీన్ డిజైన్ శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ తదితరులు రెండు అమైనో ఆమ్లాలు మార్చి దీని గురినే మార్చారు: 28వ స్థానంలో లైసిన్ పోయి ల్యూసిన్, 83వ స్థానంలో త్రియోనిన్ పోయి ఆర్జినిన్. ముందు ఆ ఫలితాన్నే మీ యంత్రంలో రప్పించండి. అది రాకుండా కొత్త డిజైన్‌కు దిగడం వృథా.

నిర్మాణాన్ని స్వల్పంగా రిలాక్స్ చేసి (అణువులు కాస్త సర్దుకునేలా చేసి), డీఎన్‌ఏ గురి మధ్య నుంచి ఆరో బేస్ జతలో సీజీని జీసీగా మార్చండి. ఎంజైమ్‌లో ఒకేలాంటి గొలుసులు రెండు కాబట్టి, డీఎన్‌ఏలో రెండు వైపులా మార్పు ఉండాలి. చాలామంది ఒకవైపే మార్చి, లెక్క తేడా వచ్చిందని తల పట్టుకుంటారు. మార్చిన బేస్ చుట్టూ ఉన్న అమైనో ఆమ్లాలకే మారే స్వేచ్ఛ ఇవ్వండి. వాటి పొరుగువి సర్దుకుంటే చాలు. కోత జరిపే ఆస్పార్టేట్‌లను ముట్టుకోవద్దు. ఆర్జినిన్, లైసిన్ చేతులు పొడవు కాబట్టి అదనపు రోటమర్లు (ఆ చేతులు తిరగగల భంగిమలు) తప్పనిసరి. వంద సార్లయినా నడపండి. మే ఎండలో ల్యాప్‌టాప్ వేడెక్కి నెమ్మదిస్తుంది, రాత్రి పూట పెట్టండి.

అసలు కీలకం ఇక్కడే. కొత్త చోటికి గట్టిగా అతుక్కునే డిజైన్ మంచిదని అనుకోవద్దు. ఆర్జినిన్ డీఎన్‌ఏ వెన్నెముకలోని ఫాస్ఫేట్‌ను పట్టుకున్నా పైరోసెట్టా ఇచ్చే స్కోరు బాగుంటుంది, కానీ అది ఏ బేస్‌నూ గుర్తుపట్టినట్టు కాదు. అదే డిజైన్‌ను ఆ చోట నాలుగు బేస్ జతలతోనూ లెక్కించి, కోరుకున్నదానికీ దాని సమీప పోటీదారుకూ ఉన్న తేడా చూసి ఎంచండి. ఆర్జినిన్ గ్వానిన్‌తో రెండు హైడ్రోజన్ బంధాలు కట్టిందా అన్నది కంటితోనే చూసుకోండి. లెక్కకు ముందు స్ఫటిక నిర్మాణంలోని నీటి అణువులను తీసేస్తారు కాబట్టి, వాటి ద్వారా జరిగే గుర్తింపు ఈ లెక్కలో కనిపించదు.

ల్యాబ్‌లో పాత చోటు, కొత్త చోటు ఉన్న రెండు ప్లాస్మిడ్లనూ (గుండ్రటి డీఎన్‌ఏ ముక్కలనూ) మార్చిన ఎంజైమ్‌తో 37 డిగ్రీల దగ్గర, 10 మిల్లీమోలార్ మెగ్నీషియంతో పరీక్షించండి. వేసవిలో మన బల్లమీదే 35 దాటుతుంది. కోత ముందే మొదలుకాకుండా ట్యూబులు ఐస్‌లో ఉంచి, మెగ్నీషియం చివర్లో కలపండి. డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే జెల్‌లో కోత కనిపించకపోతే మెగ్నీషియం బదులు కాల్షియం వేసి చూడండి: అందులో ఎంజైమ్ డీఎన్‌ఏను పట్టుకుంటుంది, కోయదు. లోపం పట్టులో ఉందో కోతలో ఉందో అలా తేలుతుంది.