తకధిమితో రాక్ డ్రమ్స్: ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ వాయించడం ఎలా?

విజయనగరం సంగీత కళాశాలకు 1919లో మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఇలా ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖి పరమేశ్వరుడు అనిపించుకున్నారు. మనకు అంత అక్కర్లేదు. రెండు చేతులు, ఒక కాలు మాట వింటే ఈ పాట వచ్చేసినట్టే.

ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీ 1980లో విడుదల చేసిన పాట ఇది. డ్రమ్స్ వాయించింది ఫిల్ రడ్. ఆయన వాయింపులో గారడీలు ఉండవు, కాబట్టి మొదటి పాటగా ఇదే మంచిదని నా అభిప్రాయం.

ముందు స్టిక్స్ పక్కన పెట్టి వినండి. ఫోన్ స్పీకర్‌లో కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) సరిగా వినబడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఒకసారి కిక్‌ని, ఇంకోసారి స్నేర్‌ని (ముందుండే, చురుగ్గా పలికే చిన్న డ్రమ్), మరోసారి హై-హ్యాట్‌ని (స్టాండు మీది జంట తాళాలు) మాత్రమే పట్టుకోండి.

తర్వాత నోటితో ‘త క ధి మి త క జ ను’ అనండి. ఎనిమిది అక్షరాలు, ఒక ఆవృతం. ప్రతి అక్షరానికీ కుడిచెయ్యి హై-హ్యాట్ మీద పడాలి. ‘త’ వచ్చిన రెండు చోట్లా కుడికాలితో కిక్. ‘ధి’, ‘జ’ దగ్గర ఎడమచేత్తో స్నేర్. పాటకు వెన్నెముక ఇదే. మధ్యలో పడే అదనపు కిక్‌లను తర్వాత చూసుకోవచ్చు.

ఇంట్లో డ్రమ్ సెట్ లేకపోయినా పర్వాలేదు. హై-హ్యాట్‌కి పీట, స్నేర్‌కి దిండు, కిక్‌కి నేల. మొదట కుడిచెయ్యి, కాలు కలపండి. అవి కుదిరాకే ఎడమచెయ్యి. కాలు పడినప్పుడల్లా ఎడమచెయ్యి కూడా దాని వెంట పడిపోతుంది. అందరికీ ఇదే తంటా. తప్పెటగుళ్ల వాళ్లు గుండె మీది గుల్లను వాయిస్తూ, గజ్జెల అడుగులేస్తూ పాడటం చూసినప్పుడల్లా నాకు కుళ్లు. మందు ఒక్కటే, వేగం తగ్గించడం. నిమిషానికి ఇన్ని టిక్‌లని కొట్టే మెట్రోనోమ్ యాప్‌ని 60 దగ్గర పెట్టండి, టిక్‌కి రెండు అక్షరాలు. ఒక నిమిషం తప్పు లేకుండా వాయిస్తే 5 పెంచండి. పాట అసలు వేగం సుమారు 92.

చూడ్డానికి సులువుగా ఉన్నా ఈ పాట ఒకచోట దెబ్బ తీస్తుంది. గిటార్ గట్టిగా పలికి ఆగుతుంది. ఆ ఖాళీలో చేతులు తొందరపడతాయి. అందుకని రెండు ఆవృతాలు వాయించి, మరో రెండు మనసులోనే లెక్కపెట్టి, మళ్లీ అందుకోవడం సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ పరిగెత్తారో తెలిసిపోతుంది. ఫిల్స్ (మధ్యమధ్య వేసే చిన్న విన్యాసాలు) రాకపోతే వదిలేయండి, లయ మాత్రం వదలొద్దు.

ఇక స్టేజీ. వినాయక చవితి పందిట్లో నా మొదటి ప్రోగ్రాంలో కిక్ డ్రమ్ దెబ్బకో అంగుళం ముందుకు జరిగింది. పాట సగానికి వచ్చేసరికి నేను స్టూలు అంచున ఉన్నాను! అప్పటినుంచి షామియానా వాళ్లను అడిగి కింద జంపఖానా వేయిస్తున్నాను. అద్దె సెట్ అయితే స్టూలు, స్నేర్ ఎత్తు ముందే సరిచూసుకోండి.

పాట హై-హ్యాట్ లెక్కతో మొదలవుతుంది, అంటే వేగం మీ చేతిలోనే ఉంటుంది. టెన్షన్‌లో లెక్క ఎక్కువ వేగంగా వచ్చేస్తుంది. మొదలుపెట్టే ముందు గిటార్ ముక్కను లోలోపల పాడుకోండి. అదనపు స్టిక్స్ తొడ పక్కనే ఉంచుకోండి. ఒకటి జారితే వంగి వెతక్కండి. కాలు ఆపకుండా రెండోది అందుకోండి.